నియమం పక్కనే కారణం కూడా రాయండి

మా సాఫ్ట్‌వేర్ లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్) పరీక్షల్లో టైమ్‌జోన్‌ను యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయంలోనే) ఉంచే ఒక లైను ఉండేది. ఎందుకుందో ఎక్కడా రాసి లేదు. అనవసరం అనుకుని నేనే దాన్ని తీసేశాను. కొన్ని నెలలకు, వేసవిలో గడియారాలను గంట ముందుకు జరిపే దేశాల్లో ఉన్న మా సభ్యుల కంప్యూటర్లలో పరీక్షలు వరుసగా విఫలమయ్యాయి. కారణం తెలిసిన మెయింటైనర్ (కోడ్ నిర్వహణ చూసేవారు) అప్పటికే ప్రాజెక్టు నుంచి తప్పుకున్నారు. ఆ లైను విలువ తెలుసుకోవడానికి మాకు రెండు రోజులు పట్టింది.

అందుకే ఒకే ప్రశ్నకు రెండోసారి జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు దాన్ని చాట్‌లో వదిలేయకండి. రిపాజిటరీలోని (కోడ్ అంతా ఉండే చోటులోని) కంట్రిబ్యూటింగ్ ఫైలులో, అంటే కోడ్ పంపేవారికి సూచనలుండే ఫైలులో రాసి, అడిగినవారికి లింకు ఇవ్వండి. కోడ్ పక్కనే ఉంటే ఆ రాతకూ రివ్యూ జరుగుతుంది, ఎవరు ఎప్పుడు మార్చారో గిట్ (కోడ్ మార్పులను నమోదు చేసే సాధనం) చరిత్రలో మిగులుతుంది.

ప్రతి నియమానికీ ఏం చేయాలి, ఎందుకు, ఎక్కడ వర్తించదు: ఈ మూడూ ఉండాలి. ఇప్పుడు మా ఫైలులో ఇలా ఉంది: "పరీక్షల్లో టైమ్‌జోన్ యూటీసీలోనే ఉండాలి. గడియారం మారే రోజుకు 23 గంటలో 25 గంటలో ఉంటాయి కనుక రోజుల లెక్క తప్పుతుంది. టైమ్‌జోన్ మార్పిడినే పరీక్షించే ఫైళ్లకు ఇది వర్తించదు." ఇంతకు మించి అక్కర్లేదు.

లైనక్స్ కెర్నెల్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) ప్యాచ్‌ల, అంటే కోడ్ సవరణల మార్గదర్శి చూడండి. పాత కమిట్‌లోని (గిట్‌లో నమోదైన మార్పులోని) లోపాన్ని సరిచేస్తే 'ఫిక్సెస్' ట్యాగులో ఆ కమిట్ ఐడీలోని మొదటి 12 అక్షరాలైనా ఇవ్వమంటుంది. లోపం ఎక్కడ పుట్టిందో తెలియడానికి, ఏ స్టేబుల్ వెర్షన్లకు సవరణ చేరాలో తేల్చడానికి అని కారణమూ చెబుతుంది. కారణం తెలిసిన మనిషి ఆ పనిని శ్రద్ధగా చేస్తాడు.

వద్దనుకున్న దారులనూ రాయండి. పైథాన్ భాషలో మార్పులను ప్రతిపాదించే పెప్ పత్రాల్లో తిరస్కరించిన ఆలోచనలకు విడిగా ఒక భాగం ఉంటుంది. అది లేకపోతే కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ అదే చర్చను మొదటినుంచీ మొదలుపెడతారు.

రాశాక కొత్త సభ్యుడికి ఇచ్చి, మీరు నోరు మెదపకుండా చూడండి. ఆయన ఆగిపోయిన చోట తప్పు రాతదే. ఆ వాక్యాన్ని సరిదిద్ది తన మొదటి పుల్ రిక్వెస్టుగా (మార్పును చేర్చమనే అభ్యర్థనగా) పంపమని ఆయన్నే అడగండి. ప్రతి విడుదలకు ముందు ఫైలంతా ఒకసారి చదివి, కారణం చెల్లిపోయిన నియమాలను తొలగించండి. ఎందుకు తొలగించారో కమిట్ సందేశంలో రాయండి.