2,4-డి కొట్టే ముందు పక్క చేను చూడండి

2,4-డి అనే కలుపు మందు వెడల్పాకు కలుపుని చంపుతుంది. వరి, మొక్కజొన్న, జొన్న లాంటి గడ్డిజాతి పైర్లని వదిలేస్తుంది. ఊద, గరిక కూడా గడ్డిజాతే, వాటినీ వదిలేస్తుంది. చేలో ఊదే ఎక్కువుంటే ఈ మందు కొనకండి, డబ్బు దండగ.

అసలు భయం పక్క చేను గురించి. పత్తి, టమాటా, మిరప, ద్రాక్ష, పప్పుధాన్యాలు అన్నీ వెడల్పాకువే. పత్తి మరీ సున్నితం: గాలికి కొట్టుకొచ్చిన కాస్త తుంపర తగిలినా కొత్తాకులు బెండాకుల్లా సన్నగా చీలిపోతాయి, ఈనెలు దగ్గరికొస్తాయి, కొమ్మలు మెలితిరుగుతాయి. దగ్గర్లో ఇలాంటి పైరుంటే ఈ మందులో ఎస్టర్ అనే రకం జోలికి పోవద్దు. అది ఎండకి ఆవిరై, కొట్టడం అయిపోయాక కూడా పక్కకి పాకుతుంది. ఇదే మందులో సోడియం సాల్ట్, అమైన్ సాల్ట్ రకాలతో ఆ బెడద చాలా తక్కువ. ఆకులు మెల్లగా కదిలేంత గాలి, అదీ మీ చేలోకే వీస్తుండాలి. తెల్లవారుజామున గాలి బొత్తిగా లేదని సంబరపడి కొట్టకండి. సన్న తుంపర నేలకి దిగకుండా తేలుతూ దూరం పోతుంది. తుంపరని విసనకర్రలా పరిచే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ వాడండి, ఒత్తిడి తగ్గించండి.

వరి నాటిన 25–30 రోజుల మధ్య, కలుపు లేతగా ఉన్నప్పుడే కొట్టాలి. ముందు మడిలో నీళ్లు తీసేసి కలుపు ఆకులు బయటపడేలా చూడండి. 80 శాతం సోడియం సాల్ట్ పొడి ఎకరానికి 500 గ్రాములు, నీళ్లు 200 లీటర్లు అనుకుంటే 16 లీటర్ల ట్యాంకుకి 40 గ్రాములు. డబ్బా మీద వేరే మోతాదుంటే అదే పాటించండి. పొడిని చిన్న బకెట్‌లో కలిపి, వడకట్టి పోయండి. కొట్టాక 6 గంటలు వాన పడకూడదు. మొక్కజొన్న మోకాలెత్తు దాటాక పైనుంచి కొట్టొద్దు, కాండం పెళుసై గాలికి విరుగుతుంది.

రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఈ సాల్ట్‌లు కంటిని బాగా దెబ్బతీస్తాయి. గుడ్డ గ్లౌజులు మందుని పీల్చి చేతికే అంటిస్తాయి.

ఎక్కువమంది నష్టపోయేది స్ప్రేయర్ దగ్గరే. ఇవాళ ఈ మందు, వారం తర్వాత అదే ట్యాంకుతో మిరపకి పురుగు మందు. రబ్బరు పైపులో, వాషర్లలో ఇంకిన మందు మామూలు కడుగుడుకి పోదు. మూడుసార్లు కడిగి, 10 లీటర్ల నీళ్లలో 100 మిల్లీలీటర్ల ఇంట్లో వాడే అమ్మోనియా కలిపి, నాజిల్ దాకా పంపి, రాత్రంతా ఉంచండి. నాజిల్, జల్లెడ విప్పి విడిగా కడగండి. అమ్మోనియాలో బ్లీచింగ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది. ట్యాంకు కడిగిన నీళ్లు మందు కొట్టిన చేలోనే పొయ్యాలి, కాలువలో కాదు. అనుమానముంటే కడిగిన ట్యాంకులో మంచినీళ్లు పోసి రెండు టమాటా మొక్కలకి కొట్టి రెండు మూడు రోజులు చూడండి. కొసలు మెలితిరిగాయంటే మందు ఇంకా ఉన్నట్టే. వీలైతే కలుపు మందుకి వేరే స్ప్రేయర్ పెట్టుకోండి.