లాస్ అలమోస్‌లో రాంచ్ స్కూలు ఆనవాళ్ళను చూడడం ఎలా?

న్యూ మెక్సికోలోని లాస్ అలమోస్‌ను అణుబాంబు తయారైన ఊరిగానే చూసి వెనుదిరిగితే, అంతకుముందు పాతికేళ్ళపాటు అక్కడ నడిచిన మగపిల్లల వసతి పాఠశాల కంటపడదు. దాని కోసమే వెళ్ళేవారు సాంటా ఫే నుంచి ఉదయాన్నే బయలుదేరడం మంచిది. ఊరు దాదాపు 7,300 అడుగుల ఎత్తున ఉన్నందున ఆయాసం రావచ్చు, మంచినీళ్ళు వెంట ఉంచుకోవాలి.

మొదట ఫుల్లర్ లాడ్జ్ పక్కనున్న మ్యూజియానికి వెళ్ళండి. పాఠశాల అతిథిగృహమే ఇప్పుడు మ్యూజియం. 1917లో పాఠశాలను స్థాపించిన ఆష్లీ పాండ్ బాల్యంలో రోగిష్ఠి. ఆరుబయటి జీవితమే పిల్లలను గట్టిపరుస్తుందని నమ్మాడు. ఆ నమ్మకాన్ని దినచర్యగా మార్చినవాడు మాత్రం మాజీ అటవీ ఉద్యోగి ఎ. జె. కానెల్. పిల్లలు మంచు కురిసే కాలంలోనూ నిక్కర్లే తొడుక్కునేవారు, వెచ్చదనం లేని వరండాల్లో పడుకునేవారు. ఒక్కొక్కరికి ఒక గుర్రాన్ని అప్పగించేవారు. ఇంత కాఠిన్యం కోసం ఫీజు కట్టి పంపినవి సంపన్న కుటుంబాలు కావడం కాస్త విచిత్రమే. తరువాత రచయితలైన విలియం బరోస్, గోర్ విడాల్ ఇక్కడ చదివినవారే. ఆ వరండాలున్న బిగ్ హౌస్‌ను తరువాత కూల్చివేశారు కనుక దాని కోసం వెతకవద్దు.

ఫుల్లర్ లాడ్జ్‌ను తీరిగ్గా చూడండి. 1928లో వాస్తుశిల్పి జాన్ గా మీమ్ రూపకల్పనలో, 771 పైన్ దుంగలను అడ్డంగా పేర్చకుండా నిలువుగా నిలబెట్టి కట్టిన భోజనశాల అది. దగ్గరలోని చెరువుకు పాండ్ పేరే ఉంది. చలికాలంలో అందులో గడ్డకట్టిన మంచును కోసి, వేసవి అవసరాలకు గిడ్డంగిలో దాచేవారు. 1945లో ప్రపంచపు తొలి అణుబాంబు పరీక్ష అయిన ట్రినిటీకి వాడిన బాంబు కీలక భాగాలను కూర్చింది ఆ గిడ్డంగిలోనే. అది ఉన్నచోట ఇప్పుడు స్మారకం ఉంది. ఉపాధ్యాయుల ఇళ్ళున్న బాత్‌టబ్ రో అనే వీధిలో కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ జనం నివసిస్తున్నారు, కాబట్టి అలాంటి వాటిని వీధిలోంచే చూడాలి.

1942 డిసెంబరులో అణుబాంబు పని కోసం ప్రభుత్వం పాఠశాలను స్వాధీనం చేసుకుంటున్నట్లు తెలిపింది. మరుసటి జనవరిలో చివరి పట్టాలిచ్చారు. తిరిగివచ్చే ముందు, ఒక హిస్పానిక్ రైతు కుటుంబపు ఇల్లైన రొమేరో కేబిన్ దగ్గర తప్పక ఆగండి. పాఠశాల యజమానులతోపాటు పీఠభూమి మీద సాగు చేసుకునే హిస్పానిక్ రైతులూ భూములు కోల్పోయారు. వారి వారసుల కోసం అమెరికన్ కాంగ్రెస్ కోటి డాలర్ల పరిహార నిధిని ఏర్పాటు చేసింది 2004లో.