టర్బోప్రాప్ సిమ్యులేటర్ పాఠాలు - 5: ఆగిన ఇంజిన్‌ను గాల్లోనే మళ్ళీ స్టార్ట్ చేయడం

పోయిన భాగంలో ఇంజిన్ ఆగగానే వేగం నిలబెట్టుకోవడం, ప్రొపెల్లర్‌ను ఫెదర్ చేయడం (గాలికి అడ్డు తగ్గేలా దాని రెక్కల అంచును గాలికి ఎదురుగా తిప్పడం) చూశాం. ఇప్పుడు అదే ఇంజిన్‌ను లేపుదాం. విమానం అదే, సెస్నా 208బీ గ్రాండ్ కారవాన్. ఇంజిన్ పీటీ6ఏ-114ఏ. ఇది సిమ్యులేటర్ సాధన మాత్రమే, అసలు విమానానికి దాని మాన్యువలే ప్రమాణం.

ప్రకాశం బ్యారేజీ మీద 8,000 అడుగుల ఎత్తులో, ముక్కు గన్నవరం వైపు పెట్టి మొదలెట్టండి. రన్‌వే 08 దాదాపు ఎదురుగానే ఉంటుంది. దూరం సుమారు 11 నాటికల్ మైళ్ళు. ఇంజిన్‌కు ఇంధనం వదిలే, ఆపే మీట ఫ్యూయల్ కండిషన్ లివర్. దాన్ని కటాఫ్‌కు, అంటే ఇంధనం ఆగే చోటుకు లాగితే ఇంజిన్ ఆగుతుంది. చాలా సిమ్యులేటర్లలో ఈ లివర్ మిక్స్చర్ యాక్సిస్ మీదే పనిచేస్తుంది, అది ముందే చూసుకోండి.

95 నాట్ల దగ్గర, ప్రొపెల్లర్ ఫెదర్‌లో ఉంటే నిమిషానికి 800 అడుగుల చొప్పున దిగుతామని లెక్క వేసుకోండి. స్టార్టర్‌ను 30 సెకన్లకు మించి తిప్పకూడదు, ఆపాక 60 సెకన్లు ఆగాలి. అంటే ఒక ప్రయత్నం, ఆ తర్వాతి విరామం కలిపి 1,200 అడుగులు తినేస్తాయి. మూడో ప్రయత్నం కూడా పోతే స్టార్టర్‌కు అరగంట విశ్రాంతి కావాలి, అంత సేపు గాల్లో ఉండం. అందుకే 3,000 అడుగులను గీతగా పెట్టుకోండి. అది దాటాక ఇంజిన్‌ను మరిచిపోయి దిగడం మీదే ఉండాలి.

ముక్కు దించి వేగం పెంచితే ప్రొపెల్లర్ తిరిగి ఇంజిన్ లేస్తుందని పిస్టన్ విమానాల అలవాటు కొద్దీ అనుకుంటారు. పీటీ6లో ప్రొపెల్లర్‌కూ కంప్రెసర్‌కూ మధ్య ఇరుసు లేదు. ఎదురెదురుగా పెట్టిన రెండు టేబుల్ ఫ్యాన్లలో ఒకటి వేస్తే రెండోది ఆ గాలికే తిరిగినట్టు, వేడి గాలి ఒత్తిడితోనే ప్రొపెల్లర్ టర్బైన్ తిరుగుతుంది. రెండోదాన్ని చేత్తో తిప్పినా మొదటిది లేవదు. కంప్రెసర్‌ను తిప్పాల్సింది స్టార్టరే, దానికి బలం బ్యాటరీదే. కాబట్టి రెండో ఏవియానిక్స్ (రేడియో, నావిగేషన్ పరికరాల) స్విచ్, ఏసీ, బ్లీడ్ ఎయిర్ హీట్ (ఇంజిన్ గాలితో క్యాబిన్‌ను వేడిచేసేది) ముందే ఆపేయండి.

ముందు కారణం చూడాలి. మంటల హెచ్చరిక వచ్చి ఆగినా, ఏదో విరిగిన చప్పుడుతో ఆగినా మళ్ళీ స్టార్ట్ చేసే ఆలోచనే వద్దు. ఇంధనం అందక ఆగితేనే ఈ పాఠం.

పవర్ లివర్ ఐడిల్‌లో (కనీస పవర్ దగ్గర), ఎమర్జెన్సీ పవర్ లివర్ (మామూలు ఇంధన నియంత్రణ చెడితే వాడే మీట) నార్మల్‌లో, కండిషన్ లివర్ కటాఫ్‌లో ఉండాలి. ప్రొపెల్లర్ లివర్‌ను ఫెదర్ నుంచి తీసి కనీస ఆర్‌పీఎం దగ్గర పెట్టండి. రెండు ట్యాంకుల సెలెక్టర్లూ తెరిచి, బూస్ట్ పంప్ (ఇంధనాన్ని ఇంజిన్ వైపు తోసే కరెంటు పంపు) ఆన్ చేయండి. ఇప్పుడు స్టార్టర్.

ఇక్కడి నుంచి కళ్ళు ఎన్‌జీ గేజ్ మీదే, కంప్రెసర్ ఎంత వేగంగా తిరుగుతోందో శాతంలో చూపేది అదే. సూది 12 శాతం దాటేదాకా కండిషన్ లివర్ ముట్టుకోవద్దు. దాటాక, సూది నిలకడగా ఉందని చూసి లో ఐడిల్‌కు తోయండి. తొందరపడి 8 శాతంలోనే ఇంధనం వదిలితే దాన్ని కాల్చి చల్లబరిచేంత గాలి ఉండదు. ఐటీటీ (టర్బైన్ల మధ్య ఉష్ణోగ్రత) సూది చూస్తుండగానే ఎగబాకుతుంది. స్టార్ట్‌లో దాని హద్దు 1,090 డిగ్రీల సెల్సియస్. అటువైపు పరుగెడుతుంటే లివర్ వెంటనే కటాఫ్‌కు, స్టార్టర్ మాత్రం తిరుగుతూనే ఉండాలి, లోపలి వేడిని బయటికి తోసేది అదే.

ఇంధనం వదిలిన పది సెకన్లకూ ఐటీటీ కదలకపోతే మంట అంటుకోలేదన్నమాట. కటాఫ్ చేసి, స్టార్టర్ ఆపేయండి. ఎన్‌జీ 30, 40 దగ్గరే ఆగిపోయి ఐటీటీ మాత్రం పెరుగుతుంటే బ్యాటరీ నీరసించిందేమో చూడండి. అక్కడా కటాఫే.

ఎన్‌జీ 52 శాతం చేరాక స్టార్టర్ ఆపి, జనరేటర్ రీసెట్ చేసి, కండిషన్ లివర్ హై ఐడిల్‌కు తోయండి. తర్వాత ప్రొపెల్లర్, ఆఖర్న పవర్, అదీ నెమ్మదిగా. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో కంట్రోల్, ఈ కలిపి నొక్కితే ఇదంతా అదే చేసేస్తుంది. దాని జోలికి పోకండి, చేతికి ఏమీ అబ్బదు.

వచ్చే భాగం లోపు మంగళగిరి మీద 8,000 అడుగుల నుంచి ఇదే చేయండి. అక్కడి నుంచి గన్నవరం సుమారు 15 నాటికల్ మైళ్ళు. వెయ్యి అడుగులకు 2 మైళ్ళ లెక్కన కాగితం మీద అందుతుంది. తూర్పు గాలి 15 నాట్లు పెట్టి చూడండి, అందదు. మూడు ప్రయత్నాలూ పోతే ఎక్కడ దించాలో మొదటి స్టార్టర్ తిప్పకముందే రాసి పెట్టుకోండి. వచ్చే భాగంలో ఆ చోటులోకి దించుతాం.