అన్నం మానకుండా బరువు తగ్గడం ఎలా?

బరువు తగ్గాలనుకోగానే మన ఇళ్లలో మొదటి వేటు అన్నం మీదే పడుతుంది. పొద్దున ఓట్స్, రాత్రి చపాతీ అంటూ కొన్నాళ్లు నెట్టుకొస్తారు. ఆ తర్వాత ఓ ఆదివారం వేడి అన్నంలో కొత్తావకాయ కలుపుకోగానే కథ మొదటికొస్తుంది. పుట్టినప్పటి నుంచి తిన్న తిండిని పూర్తిగా వదిలేసే పద్ధతి ఎక్కువ రోజులు నిలవదు.

నిజానికి చిక్కంతా మనం వడ్డించుకునే తీరులో ఉంది. పప్పుతో కాస్త, కూరతో కాస్త, చారుతో కాస్త, చివర పెరుగుతో కాస్త. ప్రతిదానికీ మళ్లీ అన్నం పెట్టుకుంటాం. ఒక్కో విడత కొంచెమే అనిపిస్తుంది, కానీ భోజనం ముగిసేసరికి కంచంలోకి వచ్చినదంతా కలిపితే చాలా అవుతుంది. కాబట్టి మార్పు అక్కడి నుంచే మొదలవ్వాలి.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. షుగర్‌కు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మందు మోతాదు మార్చాలేమో ముందే డాక్టర్‌ని అడగండి. గర్భిణులు, బాలింతలు, కిడ్నీ జబ్బున్నవాళ్లు కూడా సొంతంగా మొదలుపెట్టకూడదు.

మొదటి వారం: ఏదీ మార్చొద్దు, కొలవండి

వంటింట్లోకి ఒక చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. బియ్యాన్ని వండక ముందే తూచాలి. వండాక నీళ్లను బట్టి బరువు మారిపోతుంది. ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చే కప్పులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. అంటే దాదాపు 520 కేలరీలు, వండితే 400 గ్రాముల వరకూ అన్నం. ఇంట్లో ఎంతమందికి ఎన్ని కప్పులు పోస్తున్నారో, అందులో మీ వాటా ఎంతో రాసుకోండి.

నూనె లెక్క మరోలా. వంటనూనెను విడిగా ఒక సీసాలో పోసుకుని, అది ఎన్నాళ్లకు ఖాళీ అయిందో చూడండి. టీలో వేసే చక్కెరను చెంచాల్లో లెక్కపెట్టండి. వారం చివర పొద్దున్నే, కాలకృత్యాలయ్యాక, టిఫిన్‌కు ముందు బరువు చూసుకుని టేపుతో నడుము కొలవండి. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో కొలవాలి. మన దేశస్థుల్లో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి.

రెండో వారం: అన్నంలో మూడో వంతు తగ్గించండి

పూటకు 150 గ్రాముల బియ్యం తినేవాళ్లు 100కు రావాలి. ఇప్పటికే 90 తినేవాళ్లు 60కి. ఒకేసారి సగానికి కోసేయొద్దు. నాలుగింటికల్లా కడుపులో ఎలుకలు పరిగెడతాయి, బజ్జీల బండి దగ్గర ఆగిపోతారు.

వడ్డన వరుస ఇలా మార్చండి. అన్నం ఒక్కసారే, మొత్తం వాటా కంచంలో పెట్టుకోవాలి. గిన్నె తిరిగి వంటింట్లోకి వెళ్లిపోవాలి. పక్కనే కప్పుడు కూర పెట్టుకుని, అందులో సగం అన్నం కలపకముందే ఉత్తినే తినేయాలి. కంచంలో ఉన్నదాన్ని పప్పుకూ కూరకూ చారుకూ మూడు భాగాలు చేసుకోండి. పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టే ఉండదనుకునేవాళ్లు చారు భాగాన్ని దానికి మళ్లించి, చారును గ్లాసులో పోసుకుని తాగండి. మిగతావాళ్లు చివర్లో అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ తాగితే చాలు.

తగ్గిన అన్నం స్థానంలోకి ఏదో ఒకటి రావాలి, లేకపోతే ఇదంతా పస్తుగా మారుతుంది. పూటకు మనిషికి 200 గ్రాముల పచ్చి కూరగాయలు పడేలా వండండి. బీరకాయ, సొరకాయ, ఆకుకూరలు వండాక దగ్గర పడతాయి కాబట్టి ఇంకాస్త ఎక్కువే కోయాలి. కందిపప్పు పూటకు మనిషికి 30 గ్రాములు పోసి ముద్దపప్పులా చిక్కగా వండితే ఆరేడు గ్రాముల ప్రొటీన్ వస్తుంది. పలచటి పప్పుచారులో నీళ్లే ఎక్కువ, అందుకే తిన్న రెండు గంటలకే ఆకలేస్తుంది. గుడ్డులో 6 గ్రాములు, 100 గ్రాముల చికెన్‌లో 20కి పైగా ప్రొటీన్ ఉంటుంది. ఇది చాలకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 2000 కేలరీల రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు ఉన్నాయి. రెండు పూటలా 100 గ్రాముల బియ్యం, పొద్దున టిఫిన్ కలిపితే మీ లెక్కా దాదాపు అక్కడికే వస్తుంది.

మూడో వారం: నూనె

నెలకు మనిషికి అర లీటరు పెట్టుకోండి. రోజుకు మూడు టీ చెంచాలు. అసాధ్యం అనిపిస్తుంది కానీ, నూనె తాగేది వేపుళ్లూ గుత్తి కూరలే. వంకాయ స్పాంజిలా ఉంటుంది, ఎంత పోస్తే అంత పీల్చేస్తుంది. అందుకే గుత్తి వంకాయలకు గాట్లు పెట్టి, కొంచెం ఉప్పు రాసి, ఇడ్లీ కుక్కర్లో ఏడెనిమిది నిమిషాలు ఆవిరి పట్టండి. కాయ మెత్తబడి లోపలి గాలి గదులు మూసుకుపోతాయి. ఆ తర్వాత కారం కూరి, రెండు చెంచాల నూనెలో మగ్గిస్తే చాలు.

దొండకాయ, బెండకాయ వేపుళ్లకు మన అమ్మమ్మల పద్ధతే మంచిది. చెంచాడు నూనెలో ముక్కలు, ఉప్పు వేసి, మూకుడు మీద లోతైన పళ్లెం పెట్టి అందులో గ్లాసుడు చల్లటి నీళ్లు పోయాలి. లోపలి ఆవిరి ఆ పళ్లేనికి తగిలి చెమ్మగా కిందికి దిగుతుంది, ముక్క మాడకుండా ఉడుకుతుంది. బెండకాయ జిగురు వదలాలంటే ఉప్పు చివర్లో వేసి, సగం ఉడికాక మూత తీసేయండి. ఆఖర్న వెల్లుల్లి కారమో, కొబ్బరి కారమో చల్లితే రుచి లోటు తెలియదు.

టిఫిన్‌లో అందరూ ఇడ్లీలే లెక్కపెడతారు, పచ్చడిని వదిలేస్తారు. మూడు ఇడ్లీలకు సుమారు 170 కేలరీలు. వాటితో తినే పల్లీ పచ్చడిలో 30 గ్రాముల పల్లీలుంటే అవే 170, పైన పోపు నూనె అదనం. పల్లీలు సగం చేసి, ఆ మేరకు వేయించిన టమాటా గానీ సొరకాయ ముక్కలు గానీ కలిపి రుబ్బండి. పెసరట్టు మంచి టిఫిన్, ఉప్మా లేకుండా తింటే.

టీ, సాయంత్రం చిరుతిండి

రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర అంటే 160 కేలరీలు. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ అర చెంచాకు రండి. మూడు వారాలు పడుతుంది, నాలుక ఒప్పుకుంటుంది. సాయంత్రానికి శనగ గుగ్గిళ్లు, జామకాయ, ఉల్లిపాయ నిమ్మరసం కలిపిన మరమరాలు ముందే సిద్ధంగా ఉండాలి. ఆకలేశాక వెతికితే చేతికి దొరికేది కారప్పూస డబ్బానే.

ఇప్పుడు లెక్క చూడండి. బియ్యంలో రెండు పూటలకు 350, నూనె ఆరు చెంచాల నుంచి మూడుకు వస్తే 120, చక్కెరలో మరో 120. పెంచిన పప్పు, కూరల కేలరీలు ఇందులోంచి తీసేస్తే రోజుకు 500 కేలరీల దాకా తగ్గినట్టు. దీంతో వారానికి అర కిలో వరకూ తగ్గొచ్చు. అంతకంటే వేగం అక్కర్లేదు.

ఎక్కడ బెడిసికొడుతుంది?

చపాతీలకు మారడం పెద్ద పొరపాటు. నూనె వేసి కాల్చిన మూడు చపాతీలు 450 కేలరీలు, 100 గ్రాముల బియ్యం 350. కొర్రలు, జొన్నలు పీచు వల్ల త్వరగా కడుపు నింపుతాయి గానీ, తూకానికి తూకం కేలరీల్లో బియ్యంతో పెద్ద తేడా లేదు. కొర్రన్నం కదా అని మారు వడ్డించుకుంటే బరువు కదలదు.

రోజూ కాటా ఎక్కి బెంగపడొద్దు. ముందు రోజు ఊరగాయ, అప్పడాలు ఎక్కువైతే ఉప్పు వల్ల ఒంట్లో నీరు చేరి కిలో దాకా ఎక్కువ చూపిస్తుంది. ఆడవాళ్లకు నెలసరి ముందు కూడా అంతే. మొదటి వారంలో కిలోన్నర పడిపోతే అందులో ఎక్కువ భాగం నీరే. వారానికోసారి, అదే రోజు, అదే వేళ చూసుకుంటే చాలు.

నాలుగు వారాల పాటు బరువూ నడుమూ రెండూ కదలకపోతే, ఇంకా కోత పెట్టే ముందు బియ్యాన్ని మళ్లీ తూచండి. చాలాసార్లు కొలత కంటిచూపు మీదకు మళ్లి, 100 గ్రాములు 130 అయిపోయి ఉంటాయి. తూకం సరిగ్గానే ఉంటే రాత్రి పూట మరో 20 గ్రాములు తగ్గించి, భోజనమయ్యాక అరగంట నడక కలపండి. అప్పటికీ కదలకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.