బెంటొనైట్ మడ్‌లో రసాయనాలు కలపడానికి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వరంగల్ చుట్టుపక్కల గ్రానైట్‌లో గాలి ఒత్తిడితో నడిచే బోరు బండ్లకు మడ్ (బెంటొనైట్ అనే బంకమట్టి పొడిని నీటిలో కలిపి చేసే చిక్కటి ద్రవం) అవసరం పెద్దగా ఉండదు. భూపాలపల్లి వైపు బొగ్గు పొరల కోసం ఇసుకరాయిలో, బంకమన్నులో బోరు వేసేటప్పుడు మాత్రం గోడ కూలకుండా నిలిపేది ఇదే.

మొదట నీటిని పరీక్షించండి. కాల్షియం ఎక్కువగా ఉన్న నీటిలో బెంటొనైట్ సరిగా ఉబ్బదు కనుక, పొడి వేయకముందే ఘనమీటరు నీటికి సుమారు 0.5 నుంచి 1 కిలో సోడా యాష్ (సోడియం కార్బొనేట్) కలిపి, పీహెచ్ 8.5–9.5 మధ్యకు వచ్చిందో లేదో కాగితంతో చూసుకోవాలి. ఈ వరుస తప్పితే తరువాత ఎంత పొడి పోసినా చాలా వరకు వృథాయే.

మడ్ పీహెచ్ పెంచడానికి వాడే కాస్టిక్ సోడా విషయంలో ఏమరుపాటు అసలే తగదు. రక్షణ కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు లేకుండా సంచి విప్పవద్దు. నీటిలోకి సోడాను కొద్దికొద్దిగా వేయాలే తప్ప సోడా మీద నీళ్లు పోయకూడదు; అలా పోస్తే ఆ వేడికి ద్రావణం ఎగిరి ముఖం మీద పడుతుంది. అల్యూమినియం పాత్రతో అది చర్య జరిపి మండే హైడ్రోజన్ వాయువును వదులుతుంది కనుక ఆ పాత్రలు వాడవద్దు. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి కాబట్టి, మంచినీళ్ల డ్రమ్ము పక్కనే ఉండాలి.

మడ్ చిక్కబడిందని వెంటనే పలుచన చేసే రసాయనం వేయకండి. ముందు మడ్ చిక్కదనాన్ని కొలిచే మార్ష్ గరాటాను సరిచూడండి: 946 మిల్లీలీటర్ల మంచినీరు 26 సెకన్లలో దిగాలి. సిమెంటు కలవడం వల్ల చిక్కబడితే సోడియం బైకార్బొనేట్ పనిచేస్తుంది. రాతిపొడి పేరుకుని ఉంటే మడ్ గుంట శుభ్రం చేసి నీరు కలపడమే మార్గం.