మైక్ ప్రీయాంప్, ప్రాసెసర్ సెట్ చేసుకునే పద్ధతి

మాట రికార్డు చేసేటప్పుడు మైక్ నుంచొచ్చే బలహీనమైన సిగ్నల్‌ని పెంచేది ప్రీయాంప్, ఆ తర్వాత దాన్ని చక్కదిద్దేది ప్రాసెసర్. ముందు ప్రాసెసర్‌ని బైపాస్‌లో, అంటే పని చేయకుండా, పెట్టండి. గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలన్నది) కుదరకుండా కంప్రెసర్ (గట్టి శబ్దాల్ని తగ్గించేది) జోలికెళ్తే తేడా ఎక్కడ కొడుతోందో తెలీదు.

గెయిన్ పూర్తిగా తగ్గించి, కేబుల్ పెట్టాకే 48 వోల్టుల ఫాంటమ్ (కేబుల్ గుండా మైక్‌కి వెళ్లే కరెంటు) ఆన్ చేయాలి. అది కండెన్సర్ మైకులకే. పాత రిబ్బన్ మైక్‌కి ఇస్తే పాడయ్యే ప్రమాదముంది. జానెడు దూరంలో, రోజూ చదివే గొంతుతోనే చదువుతూ గెయిన్ పెంచండి. పీకులు (గొంతు బాగా లేచే చోట్లు) రికార్డర్ మీటర్‌లో మైనస్ 12 డీబీ దాటకూడదు.

ఇక ప్రాసెసర్. బెజవాడలో బందరు రోడ్డు వైపు గదైతే బస్సుల రొద తప్పదు. 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకంటే కింది స్థాయి శబ్దాల్ని తగ్గించే ఫిల్టర్) పెడితే ఆ గుర్రుమనే రొద చాలావరకు పోతుంది, హారన్లు మాత్రం పోవు. దానికి కిటికీ మూయడమే.

మాట లేనప్పుడు శబ్దాన్ని మూసేసే గేట్‌తోనే అసలు చిక్కు. ఎండాకాలం ఫ్యాన్ ఆపలేక థ్రెషోల్డ్ (గేట్ తెరుచుకునే శబ్దస్థాయి) పెంచేస్తారు. మన మాటల చివరి అచ్చు మెత్తగా పడుతుంది కదా, ‘చెప్పాడు’లో ‘డు’ కాస్తా ఎగిరిపోతుంది. థ్రెషోల్డ్ ఫ్యాన్ చప్పుడుకి కొంచెం పైన చాలు. రిలీజ్ (మాట ఆగాక గేట్ మూసుకోడానికి పట్టే సమయం) 200 మిల్లీసెకన్లు ఉంచండి.

కంప్రెసర్ 3:1 (హద్దు దాటిన ప్రతి 3 డీబీకి 1 డీబీయే బయటికొస్తుంది), తగ్గింపు 4–6 డీబీ. అంతకు మించితే ఊపిరి శబ్దాలు పైకొస్తాయి.

సన్నగా గుయ్‌మని హమ్ వస్తే పరికరాలన్నీ ఒకే ఎర్త్ ఉన్న బోర్డుకి పెట్టి చూడండి. ఎర్త్ పిన్ను మాత్రం పీకొద్దు, షాక్ కొడుతుంది.