రెండడుగుల ట్యాంకులో ఏ చేపలు కలిపి వేయొచ్చు

షాపులో కలర్ చూసి తలా ఒకటి కొనేయకండి. నేనూ మొదట్లో అదే చేశా, గప్పీలతో పాటు రెండు టైగర్ బార్బ్‌లు తెచ్చి వదిలితే తెల్లారేసరికి గప్పీల తోకలు చింపిరి గుడ్డల్లా అయిపోయాయి.

ముందు మీ నీళ్లు చూసుకోండి. బోరు నీళ్లయితే, గీజర్‌లో తెల్లగా పేరుకునే రకం అయితే గప్పీ, ప్లాటీలకి హాయి, నియాన్ టెట్రాలకి మాత్రం మెత్తని నీళ్లు, అంటే సున్నం తక్కువున్నవి కావాలి.

రెండడుగులు, అంటే 24×12×12 అంగుళాల ట్యాంక్‌లో దాదాపు 56 లీటర్లు పడతాయి కానీ ఇసుక, రాళ్లు పోగా 45 అనుకోండి. బోరు నీళ్లకి నేనైతే ఆరు మగ గప్పీలు, అడుగున తిరగడానికి ఆరు కోరిడోరాస్ అంటాను, కోరీలకి మీసాలు అరగకుండా గరుకు కంకర బదులు సన్న ఇసుక వేయాలి. ఆడ గప్పీలు కలిపారో, నెలనెలా పిల్లలే, ఇంక పంచలేక చస్తారు!

గోల్డ్‌ఫిష్ వద్దు, అది చల్లనీళ్ల చేప, పైగా మురికెక్కువ. ఏంజెల్ పెద్దదయ్యాక నియాన్‌లని మింగేస్తుంది. ఫైటర్‌ని గప్పీలతో అసలు పెట్టకండి, గప్పీ పెద్ద తోక చూసి ఇంకో ఫైటరనుకుని మీదపడుతుంది.

అన్నీ ఒకేసారి కాకుండా ట్యాంక్ సైకిల్ అయ్యాకే, అంటే చేపల మురికిని విరిచే మంచి బ్యాక్టీరియా నీళ్లలో పెరిగాకే, ముందు గప్పీలు, రెండు వారాలాగి కోరీలు.